ముసురులో హైదరాబాద్ నుంచి లంబసింగి, అరకు: బైక్ మీద తడవకుండా, వణక్కుండా వెళ్లేదెలా?

కూకట్‌పల్లి_350
డిసెంబర్ రెండో వారంలో రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 మీద హైదరాబాద్, రాజమండ్రి, నర్సీపట్నం, లంబసింగి, పాడేరు, అరకు. అక్కడి నుంచి అనంతగిరి ఘాట్ దిగి వైజాగ్. వెనక మా ఆవిడ. వర్షాలు అయిపోయాయి కదా అని లీవులు పెట్టేశాం, ఇప్పుడేమో బంగాళాఖాతంలో అల్పపీడనం అంటున్నారు. ఉన్న సరంజామా: మెష్ జాకెట్ (గాలి ఆడే జాలీ గుడ్డది, లోపల వాన ఆపే పొర, అదే రెయిన్ లైనర్, ఉంది), తోలు గ్లవ్స్, స్పోర్ట్స్ షూ, ఐదొందల రూపాయల రెయిన్‌కోటు. షాపాయన "ఆల్ వెదర్ సార్" అని జాకెట్ అంటగట్టాడు. చూస్తే ఏ ఒక్క వెదర్‌కీ పనికొచ్చేలా లేదు. చలీ వానా కలిసి వస్తే ఏం మార్చాలి, ఏం కొనాలి? వాయిదా వేసుకోమని మాత్రం చెప్పకండి.

తడిగుడ్డ
వాయిదా వేసుకోండి.

నర్సీపట్నం_నానాజీ
ముందు ఒక అపోహ తీసేద్దాం. పేపర్లో "లంబసింగిలో సున్నా డిగ్రీలు" అని రాసేది మబ్బు లేని రాత్రుల సంగతి. ఆకాశం తేటగా ఉంటే నేల వేడంతా పైకి పోయి తెల్లారేసరికి మంచు గడ్డకడుతుంది. ముసురు పట్టినప్పుడు మబ్బు దుప్పటిలా కప్పేస్తుంది కాబట్టి అంత చలి పడదు. పన్నెండు, పదిహేను మధ్య ఉంటుంది. అలాగని సంతోషించకండి. పొడి చలిలో ఐదు డిగ్రీలకంటే తడి బట్టల్లో పదమూడు డిగ్రీలు బండి మీద ఎక్కువ బాధపెడుతుంది. వాయుగుండం దాటిపోయాక రెండు మూడు రోజులకు ఆకాశం విడుస్తుంది చూడండి, అప్పుడు పడుతుంది అసలు చలి. కాబట్టి రెండింటికీ సిద్ధపడి రండి. లంబసింగి ఉన్నది దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో.

గాలిలెక్క
నానాజీ గారి మాటకు అంకెలు. గాలి పది డిగ్రీలుంటే 80 స్పీడులో చర్మానికి తగిలేది నాలుగు డిగ్రీల చలి. అదే ఐదు డిగ్రీలుంటే మైనస్ రెండు, మూడు. ఇది పొడి చర్మానికి లెక్క. తడి ఉంటే ఇంకో సంగతి ఉంది: బట్టలో ఉన్న అర లీటరు నీళ్లు ఆరడానికి సుమారు 1200 కిలోజౌళ్ల వేడి కావాలి. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లో గంటకు పుట్టేది 360 దాకా. ఆ నీళ్లకు కావాల్సిన వేడిలో కొంత మీ ఒంట్లోంచే పోతుంది. మెష్ జాకెట్ లోపల లైనర్ వేసుకుని పైన తడవనివ్వడం పిచ్చిపని అనేది అందుకే. లోపల చొక్కా తడవదు, నిజమే. బయట జాకెట్ మాత్రం నీళ్లు తాగి బరువెక్కి, రోజంతా కూలర్‌లో గడ్డిలా పనిచేస్తుంది.

మూడు_ఎముకలు
అంత కొట్టిపారెయ్యకండి. లైనర్ వేసుకుంటే ప్రతి చినుక్కీ రోడ్డు పక్కన ఆగి ప్యాంటు మీద ప్యాంటు ఎక్కించుకునే బాధ లేదు. వానలో ఆ ఆగడమే ప్రమాదం.

గాలిలెక్క
@మూడు_ఎముకలు ఎండాకాలం జల్లుకు సరే. ఆరుగంటల ముసురుకు కాదు. ముసురు రోజు పొద్దున్నే రూమ్‌లోనే రెయిన్ సూట్ వేసుకుని బయల్దేరితే మధ్యలో ఆగే పనే లేదు. పైగా రెయిన్ సూట్ గాలిని కూడా ఆపుతుంది, మెష్‌కి ఆ గుణం లేదు.

సుజాత_ఘాట్స్
లైనర్ పారెయ్యొద్దు, రెండూ వాడొచ్చు. వేసుకునే వరస ఇది: ఒంటికి అంటి పాలిస్టర్‌దో ఉన్నిదో థర్మల్ (చలికి లోపల వేసుకునే బనియన్). కాటన్ బనియన్ వద్దు, చెమటకి తడిసి ఆరదు. దాని మీద పల్చటి ఫ్లీస్ (వెచ్చటి నూగు గుడ్డ). దాని మీద జాకెట్. అన్నిటికీ పైన రెయిన్ సూట్. వాన లేని చలి పొద్దుల్లో రెయిన్ సూట్ తీసేసి లైనర్ లోపల పెట్టుకుంటే గాలి ఆపుతుంది.

సూట్ కొనేటప్పుడు చూడాల్సినవి: కుట్ల మీద లోపలివైపు టేపు అతికించి ఉండాలి, వేలితో తడిమితే తెలుస్తుంది. ముఖ్యంగా ప్యాంటు రెండు కాళ్లూ కలిసే చోట. సీటుకూ ట్యాంకుకూ మధ్య పల్లంలో నీళ్లు నిలుస్తాయి, మీరు వాటిలోనే కూర్చుంటారు. నూటికి తొంభై సూట్లు కారేది అక్కడే. జాకెట్ మీద తొడుక్కుని, షాపులోనే బండి మీద కూర్చున్నట్టు కూర్చుని చూడండి. నిలబడితే సరిపోయిన ప్యాంటు కూర్చోగానే మడమల పైకి లాగేస్తుంది. మీ సైజుకంటే ఒకటి పెద్దది తీసుకోండి.

ఐదొందల కోటు సంగతి: ముందు భాగం మొత్తం తెరుచుకుని గుండీలుండే రకమైతే 60 దాటగానే గాలికి గుండీల సందుల్లోంచి నీళ్లు లోపలికి తోసుకొస్తాయి. జిప్పు, దాని మీద రెండు మడతల ఫ్లాప్, వెల్‌క్రో ఉన్నదే పనికొస్తుంది.

తడిగుడ్డ
సుజాత గారు, మెడ సంగతి మర్చిపోయారు. అందరూ ఫ్లీస్ మఫ్లర్ చుట్టుకుని దాని చివర కాలరు బయటికి వదిలేస్తారు. అది దీపంలో ఒత్తి నూనె పీల్చినట్టు హెల్మెట్ మీంచి కారిన నీళ్లు పీల్చి గుండెల మీదికి దింపుతుంది. మఫ్లర్ మొత్తం కాలరు లోపల ఉండాలి, కాలరు మూసి ఉండాలి.

మెకానిక్_మస్తాన్
బట్టల గొడవ అయ్యాక బండి దగ్గరికి రండి. టైర్లు ఎప్పటివి?

కూకట్‌పల్లి_350
బండితో వచ్చినవే. 17 వేల కిలోమీటర్లు. స్పోక్ వీల్స్, ట్యూబు టైర్లు. వానలో పట్టు కోసం గాలి కొంచెం తగ్గించమని మా వీధి పంక్చర్ షాపాయన అన్నాడు.

మెకానిక్_మస్తాన్
తగ్గించొద్దు. అది ఇసుకలో, బురదలో చేసే పని. తారు మీద నీళ్లుంటే టైరు గాళ్లు తెరుచుకుని ఉండాలి, అప్పుడే నీళ్లు పక్కకు పోతాయి. గాలి తగ్గితే టైరు నడుమ లోపలికి వంగి, గాళ్లు మూసుకుని, నీళ్ల మీద తేలుతుంది. స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చట్రం) మీదో మాన్యువల్‌లోనో రాసిన అంకే పెట్టండి, ఇద్దరెక్కితే వెనక టైరుకు వేరే అంకె ఉంటుంది, అది. పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి.

గాడి లోతు రెండు మిల్లీమీటర్లలోపు ఉంటే వెనకది మార్చేసి బయల్దేరండి. 17 వేలకి వెనక టైరు మధ్యలో చదునైపోయే ఉంటుంది. టైరు పక్కన నాలుగంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. ఐదేళ్లు దాటిందంటే గాడి ఉన్నా రబ్బరు గట్టిపడిపోయినట్టే. చలి రోడ్డు మీద అసలు పట్టదు.

ట్యూబు టైరు కాబట్టి ముందుకీ వెనక్కీ ఒక్కో ట్యూబు, టైరు లివర్లు రెండు, పంపు. వానలో పంక్చర్లు ఎక్కువ, ఎందుకంటే తడి రబ్బరులో గాజుపెంకు, మేకు తేలిగ్గా దిగుతాయి.

వరంగల్_వీలీ
మస్తాన్ భాయ్, చైన్ గురించి గూడ చెప్పు. మావోళ్లు అందరూ వానకి ముందు చైన్ నిండా గ్రీజు పూస్తరు.

మెకానిక్_మస్తాన్
గ్రీజు ఇసుకను పట్టుకుని ఆకురాయిలా చైన్‌ని అరగదీస్తుంది. సీల్డ్ చైన్ (లింకుల మధ్య ఓ-రింగులనే రబ్బరు రింగులున్నది) అయితే కిరసనాయిల్, మెత్తటి బ్రష్, గుడ్డ. పెట్రోలు వద్దు, ఓ-రింగులు ఉబ్బి చెడతాయి. తుడిచి ఆరాక చైన్ లూబ్ గానీ 90 నంబరు గేరాయిల్ గానీ లోపలివైపు, అంటే స్ప్రాకెట్ పళ్లకి తగిలే వైపు. సాయంత్రం బండి ఆపగానే, చైన్ వెచ్చగా ఉన్నప్పుడే వెయ్యాలి. పొద్దున బయల్దేరే ముందు వేస్తే సగం వెనక టైరు మీద చిమ్ముతుంది, తడి రోడ్డు మీద అదెంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. పొడి రోజుల్లో 500 కిలోమీటర్లకొకసారి వేసేవాళ్లు వానలో 200–250కే వెయ్యాలి. రోజు చివర తప్పనిసరి అనుకోండి. చైన్ వదులు (వేలితో పైకీ కిందికీ ఆడిస్తే కదిలేది) చాలా బళ్లకు 25–35 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ బండి అంకె స్టిక్కర్ మీద చూసుకోండి. చైన్ ఒకచోట బిగువు, ఒకచోట వదులు ఉంటే అది అయిపోయినట్టే, సర్దుబాటుతో పోదు.

కరెంటుషాక్
ఎవరూ చూడనిది ఒకటి: పెట్రోల్ ట్యాంకు మూత. మూత ట్యాంకుతో సమానంగా లోపలికి దిగి ఉండే బళ్లకు దాని చుట్టూ పల్లెంలాంటి చోటు, అందులో చిన్న చిల్లు, చిల్లు నుంచి కిందికి సన్నటి గొట్టం ఉంటాయి. దుమ్ముతో ఆ చిల్లు పూడితే వాన నీళ్లు మూత చుట్టూ నిలిచి మెల్లగా ట్యాంకులోకి దిగుతాయి. ఇప్పుడు పోసేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. అందులోకి నీళ్లు ఎక్కువ చేరితే ఇథనాల్ పెట్రోల్‌ని వదిలేసి నీళ్లతో కలిసి అడుక్కి చేరుతుంది. పంపు పీల్చేది ఆ అడుగునుంచే. బండి దగ్గి దగ్గి ఆగిపోతుంది, అందరూ ప్లగ్గు విప్పుతూ కూర్చుంటారు. బయల్దేరే ముందు మూత తెరిచి సన్నటి వైరు ఒకటి ఆ చిల్లులోకి పోనిచ్చి, స్పూను నీళ్లు పోసి కింద కారుతున్నాయో లేదో చూడండి.

ఇంకా: ప్లగ్గు క్యాపు రబ్బరు పగిలి ఉంటే మార్చండి. బ్యాటరీ టెర్మినల్స్ బిగించి వాజెలిన్ పూయండి. సైడ్ స్టాండ్ స్విచ్ బురదతో బిగుసుకుంటే బండి గేరులో పడగానే ఆఫ్ అవుతుంది, దాన్ని కడిగి స్ప్రే కొట్టండి. కడగడానికి ప్రెషర్ వాటర్ మాత్రం స్విచ్‌ల మీద, బేరింగుల మీద కొట్టించకండి.

కూకట్‌పల్లి_350
ఇవన్నీ రాసుకుంటున్నా. చేతుల సంగతి ఎవరూ చెప్పలేదు. తోలు గ్లవ్స్ చాలవా?

సుజాత_ఘాట్స్
తోలు తడిస్తే రెండ్రోజులు ఆరదు, రంగు చేతులకి అంటుతుంది. పొద్దున్నే తడి తోలు గ్లవ్స్‌లో చేతులు దూర్చడం కంటే గ్లవ్స్ లేకపోవడమే నయం అనిపిస్తుంది. వాటర్‌ప్రూఫ్ వింటర్ గ్లవ్స్ ఒక జత కొనండి, తోలువి పొడి రోజులకు ఉంచుకోండి. తొడుక్కోవడంలో కిటుకు: వానలో రెయిన్ కోటు చెయ్యి గ్లవ్ మణికట్టు మీదికి రావాలి. తిరగేస్తే చేతి మీంచి జారిన నీళ్లన్నీ గ్లవ్‌లోకే పోతాయి.

కొనే ఓపిక లేకపోతే మందుల షాపులో నైట్రైల్ గ్లవ్స్ పెట్టె తీసుకోండి. గ్లవ్ లోపల ఒక జత. గాలి, నీరు రెండూ చర్మానికి తగలవు. చెమట పడుతుంది కాబట్టి ఆగినప్పుడల్లా కొత్త జత మార్చండి.

తడిగుడ్డ
గిన్నెలు తోమే రబ్బరు గ్లవ్స్ పెద్ద సైజువి కూడా పైన తొడుక్కోవచ్చు. పసుపు రంగులో మెరుస్తాయి, చెయ్యి చూపించి మలుపు తిరిగితే లారీవాళ్లకు బ్రహ్మాండంగా కనబడుతుంది. ఇంటికొచ్చాక వాటి అసలు పని కూడా ఉంటుంది.

లీడ్స్_రెడ్డి
ఇంగ్లండ్‌లో నవంబర్ నుంచి మార్చి దాకా ఇదే వాతావరణం. ఇక్కడ డెలివరీ బళ్ల వాళ్లంతా హ్యాండిల్ మఫ్స్ వాడతారు, గ్రిప్పు మీదికి తొడిగే గుడ్డ సంచులు. చూడ్డానికి వికారంగా ఉంటాయి కానీ పల్చటి గ్లవ్స్‌తోనే చెయ్యి వెచ్చగా ఉంటుంది. ఒక్కటే జాగ్రత్త: మఫ్ బ్రేక్ లివర్‌ని నొక్కకుండా చూసుకోవాలి. గాలికి వెనక్కి ఒంగితే బ్రేకు కొద్దిగా పట్టి డిస్క్ వేడెక్కుతుంది.

హీటెడ్ గ్రిప్స్ పెట్టించే ఆలోచన ఉంటే: 12 వోల్టుల మీద మూడు నాలుగు ఆంపియర్లు లాగుతాయి. బ్యాటరీకి నేరుగా కలపకండి, ఇగ్నిషన్‌తో ఆన్ అయ్యే రిలే, సొంత ఫ్యూజు ఉండాలి. లేకపోతే టీకి ఆగినప్పుడు ఆపడం మర్చిపోతే బండి స్టార్టవదు. గ్రిప్పు వేళ్ల లోపలివైపే వెచ్చబెడుతుంది, గాలి కొట్టేది బయటివైపు. అందుకే మఫ్స్ గానీ హ్యాండ్‌గార్డ్ గానీ లేకుండా గ్రిప్స్ ఒక్కటే పెట్టుకుంటే సగం డబ్బు వృథా.

వరంగల్_వీలీ
డిసెంబర్ల నాలుగు రోజుల కోసం హీటెడ్ గ్రిప్స్ ఎందుకన్నా, నైట్రైల్ చాలు. పైసలు టైరు మీద పెట్టు.

లీడ్స్_రెడ్డి
ఒప్పుకుంటా. టైరే ముందు.

చష్మా_బైకర్
వైజర్‌కి (హెల్మెట్ ముందు అద్దానికి) ఆవిరి పట్టడం గురించి. అద్దాలు పెట్టుకునేవాళ్లకు ఇది రెట్టింపు బాధ. పిన్‌లాక్ లెన్స్ పెట్టుకునే వీలున్న హెల్మెట్ అయితే కళ్లు మూసుకుని కొనండి. లోపల రెండో పొర, మధ్యలో గాలి, ఆవిరి పట్టదు. చుట్టూ ఉన్న సిలికాన్ అంచు వైజర్‌కి అన్నివైపులా ఆనుకోకపోతే రెండు పొరల మధ్యే ఆవిరి దూరుతుంది. పక్కనుండే పిన్నులు తిప్పితే బిగుస్తుంది. స్పిరిట్, కొలీన్ లాంటివి తగలనివ్వద్దు, తడి మెత్తటి గుడ్డ చాలు.

పిన్‌లాక్ లేకపోతే వైజర్ లోపల ఒక చుక్క బేబీ షాంపూ రాసి, కడక్కుండా పొడి గుడ్డతో కనపడకుండా పోయేదాకా తుడవండి. రెండు మూడు గంటలు పనిచేస్తుంది. ముక్కు మీద బ్రెత్ గార్డ్ ఉంటే ఇంకా మేలు. పైవైపు కారు పాలిష్ రాసే తెలివి వద్దు, కొన్ని పాలిష్‌లు పాలీకార్బొనేట్‌ని పగులగొడతాయి. రాత్రికి నల్ల వైజర్ అస్సలొద్దు.

మూడు_ఎముకలు
స్పోర్ట్స్ షూ గురించి ఎవరన్నా చెప్పండయ్యా. అరగంటలో చెరువు.

నర్సీపట్నం_నానాజీ
మావైపు ఎరువుల షాపుల్లో, హార్డ్‌వేర్ షాపుల్లో గమ్‌బూట్లు దొరుకుతాయి. రైతులు, కూలీలు వాడేవే. నీళ్లు చుక్క పోవు. ఉన్ని సాక్సు వేసుకునే వీలుండేలా సైజు తీసుకోండి. రెయిన్ ప్యాంటు బూటు బయటికి ఉండాలి, లోపలికి దోపితే బూటే బక్కెట్ అవుతుంది.

సుజాత_ఘాట్స్
@నర్సీపట్నం_నానాజీ గమ్‌బూటులో చీలమండకి రక్షణ లేదు, పడితే కాలు అందులోంచి ఊడి వచ్చేస్తుంది. మడమ పట్టే వాటర్‌ప్రూఫ్ రైడింగ్ బూట్లే సరైనవి. బూటు మీద తొడిగే ప్లాస్టిక్ కవర్లు మాత్రం ఎవరూ కొనొద్దు, తడి ఫుట్‌రెస్ట్ మీద జారతాయి, సైలెన్సర్‌కి తగిలి కరుగుతాయి.

నర్సీపట్నం_నానాజీ
రక్షణ మాట నిజమే తల్లీ. పదివేలు పెట్టగలిగితే బూట్లు కొనమనండి. స్పోర్ట్స్ షూకంటే గమ్‌బూటు నయం అన్నాను అంతే.

ఇక దారి. విజయవాడకు ముందు నందిగామ దగ్గర ఐతవరం గుర్తుపెట్టుకోండి. 2023 జూలైలో, మళ్లీ 2024 సెప్టెంబర్ మొదట్లో మున్నేరు పొంగి ఎన్‌హెచ్-65 అక్కడే ఆగిపోయింది. డిసెంబర్ తుపాన్లు కూడా తక్కువేం కాదు, మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబర్ 5న. వాతావరణ కేంద్రం కోస్తాకి ఆరెంజ్ హెచ్చరిక ఇస్తే విజయవాడలో ఆగిపోండి. కల్వర్టు మీద నీళ్లు పారుతుంటే లోతు చూడకండి, వేగం చూడండి. నీళ్ల అడుగున రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో మీకు తెలీదు.

గోదావరి జిల్లాల్లో అదే సమయంలో కోతలు. ట్రాక్టర్ల బురద, రాలిన వరిగడ్డి రోడ్డు మీద ఉంటాయి. తడి గడ్డి మీద ముందు బ్రేక్ పట్టారంటే అయిపోయారు. తునిలో హైవే వదిలి కోటనందూరు మీదుగా నర్సీపట్నం. అక్కడ ట్యాంకు నింపుకోండి. డౌనూరు దాటాక ఘాట్. ఎక్కేటప్పుడు హాయి, దిగేటప్పుడే పని. గంజాయి తనిఖీలు ఉంటాయి కాబట్టి సామాను వానలో విప్పి చూపించాల్సి రావొచ్చు.

తడిగుడ్డ
అంటే ఏడు తాళ్లు, పద్నాలుగు ముడులు వేసి కట్టొద్దని అర్థం. రోల్-టాప్ డ్రైబ్యాగ్ ఒకటి, రెండు పట్టీలు. శాడిల్ బ్యాగులకి ఇచ్చే రెయిన్ కవర్లు నమ్మకండి, అడుగున నీళ్లు పట్టి నిలవ చేస్తాయి. లోపల బట్టలు మందపాటి చెత్త కవర్లలో చుట్టి పెట్టండి, ఇద్దరివి వేరు వేరుగా.

చష్మా_బైకర్
లంబసింగి మంచు చూడ్డానికి నర్సీపట్నం నుంచి తెల్లవారుజామున నాలుక్కి బయల్దేరతారు చాలామంది. చీకటి, పొగమంచు, తడి ఘాట్ మూడూ కలిపి కొనుక్కోవడం అది. ముందు సాయంత్రం వెలుగుండగానే పైకెళ్లి పడుకోండి.

మూడు_ఎముకలు
ఆ టైమ్‌కి వెళ్తేనే కదా అందం. మెల్లగా వెళ్తే ఏమీ కాదు.

చష్మా_బైకర్
మీరు మెల్లగా వెళ్తారు, ఎదురొచ్చే టూరిస్ట్ టెంపో వెళ్లదు. మంచులో హై బీమ్ వేస్తే తెల్ల గోడే కనిపిస్తుంది, లో బీమ్‌లోనే నడపాలి. ఎడమ అంచు గీత పట్టుకుని వెళ్లండి, తెల్ల గీత మీద కాదు, పెయింటు తడిస్తే సబ్బే. ఏమీ కనిపించకపోతే రోడ్డు పక్కన ఆపకండి, బంకులోకో దుకాణం ముందుకో పూర్తిగా దిగిపోండి.

మెకానిక్_మస్తాన్
ఘాట్ దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో ఆ గేరే. న్యూట్రల్ కొట్టి పెట్రోలు మిగిల్చే తెలివి తడి ఘాట్‌లో వద్దు. డిస్క్ తడిసి ఉంటే మొదటి నొక్కుకి పట్టదు, మలుపుకు ముందే ఒకసారి తేలిగ్గా తాకించి ఆరనివ్వండి. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకోకుండా చూసేది) 125 సీసీ దాటిన బళ్లకు 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరే, కానీ సింగిల్ ఛానెల్ అయితే ముందు చక్రానికే. వెనకది జారుతుంది. మలుపులో వంగి ఉన్నప్పుడు ఏబీఎస్ మిమ్మల్ని కాపాడుతుందని అనుకోకండి. హెయిర్‌పిన్‌ల దగ్గర లారీ ట్యాంకుల నుంచి డీజిల్ ఒలికి ఉంటుంది, ఇంద్రధనుస్సు రంగులు కనబడితే అటు పోకండి.

కూకట్‌పల్లి_350
వెనక కూర్చునే మా ఆవిడకి ఏమన్నా వేరేగా చూడాలా?

లీడ్స్_రెడ్డి
ఆవిడకే ఎక్కువ చూడాలి. నడిపేవాడికి చేతులూ నడుమూ కదులుతుంటాయి, వెనకున్నవాళ్లు బిగుసుకుని కూర్చుంటారు. ఒక పొర అదనంగా వెయ్యండి. 45 నిమిషాలకొకసారి ఆపి ఐదు నిమిషాలు నడిపించండి. మాట తడబడటం, గుండీ పెట్టుకోలేకపోవడం, చిరాకు, నిద్రమత్తు వస్తే ఇక ప్రయాణం ఆపాలి. వణుకుతున్న మనిషి వణుకు ఆపేస్తే కోలుకున్నట్టు కాదు, ఇంకా ముదిరినట్టు. తడి బట్టలు మార్చి, దుప్పటి కప్పి, మెలకువగా ఉంటే తియ్యటి వేడి టీ ఇచ్చి, దగ్గర్లో ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మద్యం తాగిస్తే ఒళ్లు వెచ్చబడుతుందనేది తప్పు, రక్తం చర్మంలోకి వచ్చి లోపలి వేడి ఇంకా పోతుంది.

వరంగల్_వీలీ
చెవుల మాట మర్చిపోయిన్రు. హెల్మెట్ లోపల మంకీ క్యాప్ ఏసుకుంటే హెల్మెట్ బిగుసుకొని తలనొప్పి వస్తది. పల్చటి బాలాక్లావా (తల, మెడ కప్పే బిగుతు తొడుగు) ఏసుకోవాలె.

సుజాత_ఘాట్స్
రాత్రి ఆరబెట్టడం కూడా చెప్తా. అరకు, లంబసింగి రూముల్లో ముసురు రోజు ఏదీ ఆరదు. బూట్లలో న్యూస్‌పేపర్ కుక్కి గంట తర్వాత మార్చండి, మళ్లీ మార్చండి, పొద్దుటికి సగానికి పైగా ఆరతాయి. గ్లవ్స్ వేళ్లు పైకి పెట్టి ఫ్యాను కింద. సైలెన్సర్ మీద మాత్రం పెట్టకండి, వాటర్‌ప్రూఫ్ పొర కరిగిపోతుంది. సాక్సులు మూడు జతలు, అందులో ఒకటి పడుకోవడానికే. అది ఎంత చలేసినా బండి మీద వేసుకోకూడదు.

కూకట్‌పల్లి_350
సరే. వెనక టైరు ఇవాళే మారుస్తున్నా. రెయిన్ సూట్లు రెండు, నైట్రైల్ పెట్టె, పిన్‌లాక్, గమ్‌బూట్లు (సుజాత గారు తిట్టకండి, బూట్లు వచ్చే జీతానికి), ట్యూబులు. మొదటి రోజే రాజమండ్రి, 430 కిలోమీటర్ల పైనే. పొద్దున ఆరుకి బయల్దేరితే సరిపోతుందా?

గాలిలెక్క
పొడి రోజైతే సరిపోతుంది. ముసురులో, ఇద్దరితో, సగటు 45 కూడా రాదు, పైగా ఐదున్నర దాటితే చీకటే. విజయవాడ దాటి ఏలూరులో పడుకోండి. రెండో రోజు మధ్యాహ్నానికి నర్సీపట్నం, వెలుగుండగా ఘాట్.

మెకానిక్_మస్తాన్
గమ్‌బూటు తొడుక్కుని ఒకసారి గేరు వేసి చూడండి. ముందు భాగం లావు, లివర్ కింద దూరదు. లివర్‌ని షాఫ్టు మీది స్ప్లైన్‌లలో (పళ్లలో) రెండు పళ్లు పైకి జరిపి బిగించాలి, పది నంబరు స్పానర్‌తో అయిపోతుంది.

తడిగుడ్డ
ఏలూరులో ఆగితే దోమలకి ఏ లేయర్ వేసుకోవాలో కూడా ఎవరన్నా చెప్పండి.